మా ఊరు మునిగింది ఆనకట్ట వల్లేనా?

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు ఎక్కింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. నీరు తీశాక తీరమంతా ఒకటే మాట: ఇది వాన చేసిన పనా, కింద కట్టిన కట్టడం చేసిన పనా? అప్పటికే గోదావరి దిగువన పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వే గుండా పారుతోంది కాబట్టి రెండు రాష్ట్రాల మధ్య వాదన కూడా మొదలైంది. అదే వానల్లో మంచిర్యాల దగ్గర గోదావరి రాళ్లవాగులోకి ఎగదన్ని కాలనీలను ముంచింది. అక్కడ కాళేశ్వరం బ్యారేజీల పేరు వినిపించింది. వాటిలో ఒకటైన మేడిగడ్డకు ఎగువన, మహారాష్ట్ర వైపు సిరొంచ రైతులు తమ పొలాల గురించి ఇదే ప్రశ్న అడుగుతూ వచ్చారు.

ప్రశ్న న్యాయమైనది. నదికి అడ్డంగా ఏది కట్టినా నీరు వెనక్కి ఎక్కుతుందని చిన్నపిల్లలకైనా తెలుసు. కానీ జవాబు అవుననో కాదనో ఒక్క ముక్కలో దొరకదు. ఒకే ఆనకట్ట చిన్న వరదలో మీ పొలాన్ని ముంచవచ్చు, మహా వరదలో ఏ తేడా చూపకపోవచ్చు. తన పక్క ఊళ్లో నడుం లోతు నీరు పెంచి, ఎగువన ఇంకో ఊళ్లో జానెడు కూడా పెంచకపోవచ్చు. అందుకే ఏ వరదకు, ఏ ఊళ్లో, ఎన్నాళ్లు అని విడివిడిగా అడగాలి. వాటిని కలిపేసి వాదించుకోవడం వల్ల నష్టపోతున్నది ముంపు ఊళ్ల వాళ్లే. తమకు రావలసిన జవాబు వాళ్లకు ఎప్పటికీ రావడం లేదు.

బోదెకు అడ్డు వేస్తే

డెల్టాలో పంట బోదె పక్కన పెరిగిన వాళ్లకు ఈ అధ్యాయంలో సగం ముందే తెలుసు. బోదెలో నీరు చీలమండ దాకా కూడా లేదు, మీ చేను కాస్త మెరక. అప్పుడేం చేస్తారు? గడ్డీ మట్టీ కలిపి బోదెకు అడ్డంగా జానెడు కట్ట వేస్తారు. దాని వెనక నీరు మెల్లగా లేచి, అంచు దాటి కిందికి జారుతుంది. లేచిన నీరు మీ చేలోకి మళ్లుతుంది. కట్ట దగ్గర పెంపు జానెడు ఉంటే, పది బారలు వెనక్కి వెళ్లి చూస్తే బెత్తెడే ఉంటుంది. ఇంకా వెనక్కి పోతే ఏమీ ఉండదు.

ఇప్పుడు కాలువ తూము పూర్తిగా ఎత్తారనుకోండి. బోదె గట్ల దాకా నిండింది. మీ కట్ట ఎక్కడుందో కూడా కనిపించదు, ఆ చోట నీటి మీద చిన్న ముడత మాత్రం కనిపిస్తుంది. ఇప్పుడు ఎగువ చేను మునిగితే ఆ రైతు మీ అడ్డును తిట్టుకోవచ్చు గానీ, దాన్ని తీసేసినా అతని చేను మునిగే ఉండేది. నీరు తక్కువున్న రోజున అతని గనిమ తడిసింది మాత్రం నిజంగా మీ వల్లే.

నదికి కట్టిన ఆనకట్ట పనీ ఇదే. దాని అంచు మీదుగా నీరు దూకాలంటే అంచు పైన కొంత మందం నీరు నిలవాలి. ప్రవాహం పెరిగితే ఆ మందమూ పెరుగుతుంది, అయితే అదే దామాషాలో కాదు. మందం రెట్టింపైతే దూకే నీరు దాదాపు మూడింతలవుతుంది. అంటే ప్రవాహం మూడింతలైనా అంచు మీద నీరు రెట్టింపుకు పెద్దగా మించి లేవదు. ఎగువ ఊళ్లకు ఇది మంచి వార్త.

ఇక ఆనకట్ట పొడవు. అదే వరద సగం పొడవున్న అంచు మీదుగా పోవలసి వస్తే నీటి మందం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఇక్కడ ఇంజనీరు కాటన్‌ను తలచుకోవాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ఆయన ఎంచుకున్నది నది ఇరుకుగా ఉన్న చోటు కాదు. గోదావరి లంకల మధ్య పాయలుగా విడిపోయి బాగా విశాలంగా పరుచుకున్న చోటు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టిన ఆ ఆనకట్టలో కట్టుబడి పొడవే దాదాపు 3.6 కిలోమీటర్లు. ఇరుకు చోట కట్టి ఉంటే రాయీ సున్నమూ మిగిలేవి, కానీ వరద రోజున రాజమండ్రి వైపు నీరు ఇంకా ఎత్తున నిలిచేది. పొడవాటి అంచు మీద గోదావరి పలచగా పరుచుకుని దూకింది. పాత ఇంజనీర్ల లెక్కల్లో ఎగువ వాళ్ల మేలు కూడా ఉండేదనడానికి ఆ నాలుగు ముక్కలూ సాక్ష్యం.

ఎగపోటు ఎంత దూరం పోతుంది?

అడ్డు వల్ల నీరు వెనక్కి లేవడాన్ని ఇంజనీర్లు బ్యాక్‌వాటర్ అంటారు. మన తీరాల్లో ఎగపోటు అనే మాట ఉంది, దాన్నే వాడుకుందాం.

ఎగపోటు ఎంత దూరమన్నది ముందుగా నది వాలు చెబుతుంది. నది కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల చొప్పున దిగుతోందనీ, ఆనకట్ట దాని మట్టాన్ని 3 మీటర్లు లేపిందనీ అనుకుందాం. నీరు చెరువులా నిశ్చలంగా ఉంటే ఆ మట్టం 15 కిలోమీటర్ల ఎగువన నది సహజ మట్టాన్ని తాకుతుంది. కొండల్లో కిలోమీటరుకు 3 మీటర్లు దిగే ఏరైతే అదే పెంపు ఒక్క కిలోమీటరుతో సరి. మైదానంలో పారే గోదావరి, కృష్ణలకు ఎగపోటు అంత పెద్ద విషయం కావడానికి కారణం ఈ చదునే.

కానీ నది చెరువు కాదు. పారుతున్న నీటికి పైకప్పు బల్లపరుపుగా ఉండదు, వంపు తిరిగి మెల్లగా సహజ మట్టంలో కలుస్తుంది. కాబట్టి 15 కిలోమీటర్ల దగ్గర కూడా కాస్త పెంపు మిగిలే ఉంటుంది. వరద కాలంలో ఇంకో విచిత్రం. నది లోతెక్కే కొద్దీ ఆనకట్ట దగ్గర పెంపు తగ్గుతుంది, అయితే మిగిలిన ఆ కాస్త పెంపూ చాలా దూరం సాగుతుంది. అదే వాలులో 10 మీటర్ల లోతున పారే నదిలో ఆనకట్ట దగ్గర అర మీటరు పెంపు ఉంటే, 17 కిలోమీటర్ల ఎగువన కూడా అందులో మూడో వంతు ఉండవచ్చు. అంటే జానకు కాస్త తక్కువ. జానెడేగా అని తీసిపారేయకూడదు. వెయ్యి మీటర్లకు ఒక మీటరు లేచే చదును పొలంలో 20 సెంటీమీటర్ల నీరు ఎక్కువైతే ముంపు గీత 200 మీటర్లు లోపలికి జరుగుతుంది.

ఎగపోటుకు మనిషి కట్టిన అడ్డే ఉండాలని లేదు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉప్పొంగినప్పుడు శబరికి దారి ఉండదు. దాని నీరు వెనక్కి తన్ని చింతూరు వైపు రోడ్ల మీదికి వస్తుంది. ఆ తీరంలోని ఊళ్లకు ఇది తరతరాలుగా తెలిసిన వరదే. కాబట్టి నీరు వెనక్కి పారిందన్నది ఒక్కటే ఆనకట్ట మీద నేరం మోపడానికి చాలదు. ఆనకట్ట లేకపోయినా ఆ రోజు ఎంత వెనక్కి పారేదో తీసేశాక మిగిలేదే ఆనకట్ట వాటా.

వాగుల సంగతి ఇక్కడే చెప్పాలి. నా ఉద్దేశంలో ముంపు లెక్కల్లో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది వాగు మూతి. పెద్ద నది మట్టం కాస్త పెరిగినా దానిలో కలిసే వాగుకు అది మూతి బిగించడమే. పైన తన సొంత వాన పడుతుంటే ఆ నీరు పోవడానికి చోటుండదు. నది గట్టు మీద నిలబడి చూస్తే అంతా బాగానే ఉంటుంది, గట్టు వెనక ఊరు మాత్రం వాగు నీటిలో మునిగి ఉంటుంది. ఉదాహరణకు, బుడమేరు వాగు నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలిపేది విజయవాడ దగ్గరి ప్రకాశం బ్యారేజీకి ఎగువనే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు నీరు, దాదాపు 28 లీటర్లు. కృష్ణ అంత ఎత్తున ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు దిగడం కష్టం. ఆ కాలువ గట్లు తెగి విజయవాడ కాలనీలు మునిగాయి. కృష్ణ ఎత్తులో బ్యారేజీ వాటా ఎంత, వరద వాటా ఎంత అన్నది వేరే లెక్క. కానీ నదిని మాత్రమే చూసి బుడమేరును వదిలేసిన లెక్క ఏదైనా ఆ రోజు అక్కరకు రాదు.

మునిగిన ఆనకట్ట, మునగని చిక్కులు

బోదె నిండినప్పుడు అడ్డు కనపడకుండా పోయినట్టే, మహా వరదలో ఆనకట్ట కూడా మునుగుతుంది. ఎలాగంటే, దిగువన నది తన సొంత వెడల్పు, వాలు, గరుకుతనాన్ని బట్టి ఎంత ఎత్తున పారాలో అంత ఎత్తున పారుతుంది. ఆ దిగువ మట్టమే ఆనకట్ట అంచును దాటి బాగా పైకి వచ్చేస్తే, ఇక ఎగువ మట్టాన్ని శాసించేది ఆనకట్ట కాదు, నది. వేసవిలో మీటర్ల తేడా చూపే కట్టడం శతాబ్దపు వరదలో కొన్ని సెంటీమీటర్ల తేడా చూపి ఊరుకోవచ్చు. ఆనకట్టలను సమర్థించే ఇంజనీర్లు ఎత్తి చూపేది ఈ సంగతినే, వాళ్లు చెప్పేది నిజమే కూడా.

అయితే అక్కడితో ఆగితే సగం నిజమే చెప్పినట్టు. ఊళ్లు మునిగేది శతాబ్దపు వరదల్లోనే కాదు. రెండేళ్లకో మూడేళ్లకో వచ్చే మామూలు వరదల్లో ఆనకట్ట ఇంకా మునగదు, దాని పెంపు పూర్తి బలంతో ఉంటుంది. లంక పొలాలు, నది అంచు చేలు పోయేది అప్పుడే. పెద్ద వరద లెక్క చూపించి చిన్న వరదల ముంపును కొట్టిపారేయడం న్యాయం కాదు.

పాత ఆనకట్టల చోట ఇప్పుడు చాలావరకు బ్యారేజీలు వచ్చాయి. 1982 నాటికి ధవళేశ్వరంలో 175 గేట్ల బ్యారేజీ పూర్తయింది. బ్యారేజీలో స్థిరంగా ఉండే అంచు తక్కువ ఎత్తులో ఉంటుంది, నీటిని నిలిపేది గేట్లు. వరదకు అన్ని గేట్లూ పైకి ఎత్తేస్తే నదికి అడ్డు మిగిలేది ఆ తక్కువ అంచూ, స్తంభాలూ మాత్రమే. కాగితం మీద ఇది ఆనకట్ట కంటే చాలా మేలు. కానీ ఆ మేలంతా 'అన్ని గేట్లూ, సకాలంలో' అనే రెండు మాటల మీద నిలబడి ఉంది. నీరు నిలపడం కోసమే కట్టిన చోట, పంపులకు నీరు కావలసిన చోట, వరద వస్తుందో రాదో తెలియని మొదటి గంటల్లో గేట్లు ఎత్తడానికి చెయ్యి రాదు. ఇక గేట్లు ఎత్తినా దారి పూర్తిగా దొరుకుతుందన్న హామీ లేదు. 2024 వరదలో ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకువచ్చి గేట్ల దగ్గర చిక్కుకున్నాయి, గేట్ల బరువును తూచే దిమ్మలు (కౌంటర్‌వెయిట్లు) దెబ్బతిన్నాయి. చెట్లు, గుర్రపుడెక్క, పడవలు అడ్డం పడి కొన్ని గేట్లు మూసుకుపోతే ఎగువన ఎంత పెరుగుతుందో కూడా ముందే లెక్క కట్టి ఉంచాలి.

ఇసుక మేట ఇంకా నెమ్మదిగా వచ్చే చిక్కు. నిలిచిన నీటిలో నది మోసుకొచ్చిన ఇసుక దిగుతుంది. అడుగు పైకి లేస్తుంది. మేట మీద తుంగ, తుమ్మ మొలిచి నీటిని ఇంకా అడ్డుకుంటాయి, వాటి చుట్టూ మళ్లీ ఒండ్రు చేరుతుంది. కాటన్ కాలంలోనే ఆనకట్ట పక్కన ఇసుక తోయడానికి అడుగు తూములు పెట్టారంటే ఈ సంగతి అప్పటికే ఎంత బాగా తెలుసో చూడండి. కట్టిన ఏడాది వేసిన ముంపు లెక్క ముప్పై ఏళ్ల తర్వాత అదే నదికి వర్తించదు. లెక్క పాతబడుతుంది, నష్టపరిహారం జాబితా మాత్రం పాత లెక్క దగ్గరే ఆగిపోతుంది.

తేడాను కొలవడం

అన్నిటికంటే తేలికైన పరీక్షతో మొదలుపెడదాం. భద్రాచలంలో 1986లో నది 75.6 అడుగులు ఎక్కింది, 2022లో 71.3. కాబట్టి 2022లో కట్టడం ప్రభావం లేదని ఒకరు అనవచ్చు. అది తప్పు వాదన, ఎందుకంటే రెండు వరదలూ ఒకటి కావు. ధవళేశ్వరం దగ్గర 1986లో 35 లక్షల క్యూసెక్కులు దాటితే 2022లో దాదాపు 25.8 లక్షలు. సరైన ప్రశ్న ఇది: ఒకే ప్రవాహానికి, కట్టక ముందు మట్టం ఎంత, కట్టాక ఎంత? 15 లక్షల క్యూసెక్కులకు అప్పుడు ఎంత ఎత్తున పారింది, ఇప్పుడు ఎంత ఎత్తున పారుతోంది? కేంద్ర జలసంఘం మంచిర్యాల, పేరూరు, భద్రాచలం, పోలవరం లాంటి చోట్ల ఏళ్ల తరబడి మట్టాలూ ప్రవాహాలూ రాస్తూ వచ్చింది. ఆ రెండు వరసలూ పక్కపక్కన పెడితే చాలా వాదనలు అక్కడే తేలతాయి.

ఇందులో రెండు ఉచ్చులున్నాయి. వరద ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే ప్రవాహానికి మట్టం ఒకటిగా ఉండదు. దిగేటప్పుడు నీరు కాస్త ఎత్తుగా నిలుస్తుంది. కాబట్టి ఎక్కే వరదను ఎక్కే వరదతోనే పోల్చాలి. రెండో ఉచ్చు మరీ ప్రమాదకరం. చాలాసార్లు ప్రవాహాన్ని నేరుగా కొలవరు. మట్టం చూసి, పాత పట్టికలో వెతికి, ఇన్ని క్యూసెక్కులని రాస్తారు. కట్టడం వచ్చాక ఆ పాత పట్టిక చెల్లదు. ఎగపోటు వల్ల లేచిన నీటిని కూడా అది వాననీటి కింద జమ కడుతుంది. అప్పుడు ఎంత వెతికినా కట్టడం తప్పు కనపడదు, లెక్కే దాన్ని దాచేసింది. పడవ మీంచి పరికరంతో వేగం కొలిచి రాసిన ప్రవాహాలనే ఈ పనికి వాడాలి.

కొలతలు లేని చోట నదిని కంప్యూటరులో కట్టాలి. నదికి అడ్డంగా అర కిలోమీటరుకో కిలోమీటరుకో ఒకసారి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అడుగు ఎత్తులు కొలుస్తారు. ఎక్కడ ఇసుక, ఎక్కడ పొదలు, ఎక్కడ పంట అన్నదాన్ని బట్టి గరుకుతనం అంకెలు ఇస్తారు. దిగువ మట్టంతో మొదలుపెట్టి, అలా కొలిచిన ఒక్కో అడ్డుకోత దాటుతూ ఎగువకు లెక్క కడతారు. అమెరికా సైన్యం ఇంజనీరింగ్ విభాగం తయారు చేసిన హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఏ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి అయినా వాడవచ్చు. ముందుగా జరిగిపోయిన ఒక వరదను అందులో నడిపి, గోడల మీద మిగిలిన నీటి గీతలతో సరిపోయేదాకా గరుకుతనాన్ని సరిచేయాలి. ఆ తర్వాత అదే నదిని రెండుసార్లు నడపాలి, ఒకసారి ఆనకట్టతో, ఒకసారి అది లేకుండా. రెండు మట్టాల మధ్య తేడాయే మనం వెతికేది.

ఒక్క వరదకు కాదు. రెండేళ్ల వరద, పదేళ్ల వరద, పాతికేళ్ల, వందేళ్ల వరదలకు విడివిడిగా నడపాలి. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేదని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దాని అర్థం. ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండే కుటుంబానికి కనీసం ఒకసారైనా అది ఎదురయ్యే అవకాశం నూటికి 26. గేట్లు ఆలస్యంగా ఎత్తితే ఏమవుతుందో, కొన్ని మూసుకుపోతే ఏమవుతుందో కూడా నడిపి చూడాలి. ఎత్తుతో పాటు రోజులూ లెక్కలోకి రావాలి. రెండు రోజులు మునిగి తేరుకునే వరి వారం మునిగితే కుళ్లిపోతుంది. ఎగపోటు కొన్నిసార్లు మట్టాన్ని పెద్దగా పెంచదు, నీరు తీయడాన్ని మాత్రం ఆలస్యం చేస్తుంది. ఎత్తు పటం ఒక్కటే చూసేవాళ్లకు ఈ నష్టం కనిపించదు.

ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తు పటాలతో ఈ పని చేయడం గురించి గట్టిగా హెచ్చరించాలి. వాటిలో పొరపాటు కొన్ని మీటర్లు ఉంటుంది. మనం వెతుకుతున్న తేడా జానెడు. అలాంటి పటం మీద ఇంటి నంబర్లతో సహా ముంపు గీత గీసి చూపిస్తే, అది ఏ పక్షం వాళ్లు గీసినా నమ్మకూడదు. నేల మీద లెవెల్ పెట్టి గానీ, విమానం నుంచి లేజరుతో గానీ కొలిచిన ఎత్తులు కావాలి. ఫలితాన్ని కూడా ఒక్క అంకెగా కాక, ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పాలి.

కాళేశ్వరం విషయంలో నది మనకు అరుదైన అవకాశం ఇచ్చింది. 2019లో మేడిగడ్డ బ్యారేజీ 85 గేట్లతో పనిలోకి వచ్చింది. 2023 అక్టోబరులో దాని స్తంభాలు కొన్ని కుంగాయి. గేట్లు ఎత్తి ఉంచాలని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ సూచించింది. 2024 వానాకాలంలో అక్కడ నీరు నిలపలేదు. అంటే ఒకే నది, ఒకే కట్టడం, గేట్లు పనిచేసిన ఏళ్లు కొన్ని, ఎత్తి ఉంచిన ఏళ్లు కొన్ని. ఉపనది ప్రాణహిత మీద టేక్రా, గోదావరి మీద మంచిర్యాల, దిగువన పేరూరు కేంద్రాల ప్రవాహాలను పక్కన పెట్టుకుని, సమానమైన వరదలను జతలు కట్టి, చెన్నూరు, కోటపల్లి, సిరొంచ వైపు ఊళ్లలో మట్టాలు పోల్చవచ్చు. బ్యారేజీ అంచూ, స్తంభాలూ, మేట వేసిన ఇసుకా ఇంకా అక్కడే ఉన్నాయి కాబట్టి ఆ పోలిక చెప్పేది గేట్ల వాటాను మాత్రమే. అయినా రైతు అడుగుతున్న దానిలో పెద్ద భాగం అదే.

దానికి కావలసినది ఊళ్లలో ఉంది. నీరు ఎక్కడిదాకా వచ్చిందో బడి గోడ మీదో కరెంటు స్తంభం మీదో చెరగని రంగుతో గీత గీసి, తేదీ, వీలైతే గంట రాసి, ఫోటో తీసి ఉంచాలి. నీరు గీత దాటి ఎన్ని రోజులు నిలిచిందో పక్కనే రాయాలి. సర్వేయరు ఆ గీత ఎత్తును ఒక పూటలో కొలవగలడు. వాన వెలిశాక వారం దాటితే బురద గీత చెరిగిపోతుంది, తర్వాత ఎవరి జ్ఞాపకం వాళ్లదే అవుతుంది. 2019 నుంచి ప్రతి వానాకాలానికీ ఇలాంటి గీతలు ఉన్న ఊరు, తన పొలం మీదికి వచ్చిన నీటిలో గేట్ల వాటా ఎంతో సెంటీమీటర్లలో అడగగలదు.